బిగుతు మేజోడు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడింది నేను. అందరికంటే ఎక్కువ తెలిసింది కూడా నాకే. ఈ రెండూ ఒకే మనిషిలో చేరకూడదు. చేరితే ముద్ద దిగదు.

నేను నర్సుని. నా డ్యూటీ కాళ్ళ వార్డులో. ఉబ్బిన నరాలు, మానని పుళ్ళు, నరాల్లో గడ్డకట్టిన రక్తం, అన్నీ అక్కడికే వస్తాయి. అందుకని ఇంట్లో నన్ను ఏడిపించనివాళ్ళు లేరు. "మా ఆవిడ మొహం చూసి మనిషిని గుర్తుపట్టదు, పిక్క చూసి గుర్తుపడుతుంది" అని మా ఆయన తన బస్సులో టిక్కెట్లు కొడుతూ కూడా చెప్పేవాడట. అబద్ధమేం కాదు. రోడ్డు మీద ఎవరైనా ఎదురైతే నా చూపు ముందు కిందికే పోయేది.

ఇంటి ముందుగది బావగారి కుట్టు దుకాణం. బావగారంటే మా ఆయనకి అన్న. ఆయన మిషను తొక్కుతుంటే పక్కనే స్టూలు మీద కూచుని అక్క కాజాలు, గుండీలు, అంచులు చేత్తో కుట్టేది. అక్క నాకు తోడికోడలు. తోడబుట్టిన అక్క ఉండుంటే ఇంతకన్నా ఎక్కువ తిట్టేది కాదు, ఇంతకన్నా ఎక్కువ పెట్టేదీ కాదు.

ఎండాకాలమంటే బావగారికి బడిపిల్లల యూనిఫాంల కాలం. బడులు తెరిచేలోపు ఇవ్వాలి. తెల్ల చొక్కాలు, నీలం లాగులు ముందుగదిలో నడుమెత్తున పేరుకున్నాయి. పొద్దున్నే స్టూలెక్కిన అక్క మళ్ళీ అన్నానికే దిగేది.

"అక్కా, మధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి" అని డ్యూటీకి పోతూ రోజూ అరిచేదాన్ని.

"నీ వార్డుకి మనుషులు చాలట్లేదా, నన్ను పట్టుకున్నావు?" అనేది దారం పంటితో తెంపుతూ.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చింది. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు.

"రెండోదేదక్కా?"

"పట్టట్లేదు. ఎండకి కాళ్ళు వాచాయి."

"ఎండ ఒక్క కాలికే తగిలిందా?"

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కింద కూచుని బట్ట అంచు పైకెత్తాను. ఎడమ పిక్క ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. చెయ్యి పెడితే వేడి. రెండు కాళ్ళూ ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఎప్పట్నించి?"

"మొన్నట్నించి కాస్త లాగుతోంది. మీ బావగారిని పిసకమందామనుకున్నా."

"పిసికారా?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆయనకంత తీరికెక్కడేడ్చింది?"

ఆ తీరిక లేనందుకు మనసులోనే వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాను. గడ్డ ఉన్న కాలు పిసికితే ఏమవుతుందో నాకు తెలుసు. దీపం కిందే చీకటంటారు కదా. ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ చూసే నా ఇంట్లోనే, నా పొయ్యి పక్కనే ఆ కాలు ఉంది.

ఆసుపత్రిలో స్కానింగు తీశారు. పిక్క దగ్గర మొదలై తొడ దాకా లోపలి నరంలో రక్తం గడ్డకట్టింది. డాక్టరు అక్కకీ బావగారికీ అంతా వివరంగా చెప్పి నావైపు తిరిగి, "నీకు చెప్పేదేముందమ్మా, అన్నీ తెలిసినదానివి" అన్నాడు. 

ఆ మాటకే నాకు పోస్టుమాన్ గుర్తొచ్చాడు. పోయిన చలికాలం మా వార్డులో ఉండేవాడు. ఇలాంటి కాలే, ఇలాంటి గడ్డే. వాపు తగ్గింది, రేపు ఇంటికి పంపిస్తామన్నాం. నాతో జోకులేస్తూ మంచం దిగి, నా బూట్లు ఏవమ్మా అని వంగాడు. వంగినవాడు లేవలేదు. కాల్లో గడ్డ ఒక ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోయింది. బూట్లు నా చేతిలోనే ఉన్నాయి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి వాళ్ళనీ నిద్రపోకుండా చెయ్యడమెందుకని నేనొక్కదాన్నే మోశాను.

కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపించారు. రక్తం పలచబడే మాత్రలు వేళ తప్పకూడదు. కదలకుండా కూచోకూడదు. కూచుంటే కాలు ఎత్తు మీద పెట్టాలి. వాపు దిగడానికి పొద్దున్నే మంచం దిగకముందు బిగుతు మేజోడు తొడుక్కోవాలి, పడుకునేముందు విప్పాలి.

ఆ మేజోడు దగ్గరే వచ్చింది తంటా అంతా. అది మామూలు మేజోడు కాదు. మడమ దగ్గర బాగా బిగుతుగా, పైకి పోయేకొద్దీ కాస్త తక్కువ బిగుతుగా అల్లుతారు. అలా అల్లితేనే కింద నిలిచిన రక్తం పైకి నడుస్తుంది. తొడగాలంటే ఇద్దరు కావాలి, ఒకరు లాగడానికి, ఒకరు తిట్టడానికి.

"ఇది మేజోడా, కొండచిలవా?" అక్క మంచం పట్టీ పట్టుకుని అరిచేది. "కాలు నాకు మిగుల్చుతావా, అదీ మింగేస్తుందా?"

బావగారు గుమ్మంలో నిలబడి ఆ మేజోడు వంక చూసిన చూపు నాకింకా గుర్తే. ఇంకో దర్జీ పాడుచేసిన చొక్కాని చూసినట్టు చూశారు. వేళ్ళ మధ్య పెట్టి సాగదీసి పెదవి విరిచారు.

"ఎవడమ్మా దీన్ని చేసింది? మనిషి కొలత తీసుకునే చేశాడా?"

"కొలత తీసుకున్నది నేనే బావగారూ. అది అలాగే ఉండాలి."

"ఒంటి మీద బట్ట ఉందన్న సంగతి మనిషి మర్చిపోవాలి. అదీ కుట్టంటే. ఇది చూడు, పాపం, ఎలా నొక్కేస్తోందో."

"నొక్కడమే దాని పని."

"మోకాటికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టుంది మీ వైద్యం" అన్నారు. అని నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు, కళ్ళు తుడుచుకుంది. ఆయన నవ్వు వెంటనే ఆగిపోయింది. బావగారి సంగతి నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేసిందల్లా మనుషులకి ఎక్కడ ఒరుసుకుంటోందో అడగడం, అక్కడ కాస్త వదలడం. బజార్లో ముక్కూమొహం తెలియనివాడి కాలరు మెడని కోస్తుంటే ఆపి మరీ సర్దే మనిషి. అలాంటాయన కళ్ళముందే పెళ్ళాం రోజూ పొద్దున్నే ఏడుస్తోంది.

అక్కని స్టూలు దగ్గరికి రానివ్వనన్నాను. ఆమె వింటేనా? కాలు పీట మీద పెట్టుకునైనా గుండీలు కుడతానంది. ఒకరోజు సూది వేలికి గుచ్చుకుంది. మామూలుగా అయితే నోట్లో పెట్టుకుని చప్పరించి ఊరుకునేది. మాత్రల వల్ల ఆ రక్తం ఎంతకీ ఆగలేదు. తెల్ల చొక్కా జేబు మీద రూపాయంత మరక, దాని పక్కన ఇంకోటి. నేను వేలు నొక్కి పట్టుకుని కూచున్నాను. ఇటు చూస్తే రక్తం కారిపోతుందని భయం, అటు చూస్తే గడ్డకడుతుందని భయం. ఏ భయం వైపు మొగ్గాలో తెలియక ఆమె వేలు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"నువ్వు చూసే చూపుకే పోయేలా ఉన్నానే" అంది అక్క. "కాస్త అటు తిరుగు."

నిజమే. ఆమె దగ్గితే నా చేతిలో గరిటె జారేది. మెట్టెక్కి ఆయాసపడితే నేను ఊపిర్లు లెక్కపెట్టుకునేదాన్ని. ఆమె నవ్వితే, ఆ నవ్వు మధ్యలో ఆగుతుందేమోనని బిక్కచచ్చిపోయేదాన్ని. మా ఆయన ఒకసారి విసుక్కున్నాడు. "వదినకి జబ్బు, నీకు పిచ్చి. ఇంట్లో ఇద్దరు రోగులయ్యారు" అన్నాడు. అతనికి పోస్టుమాన్ సంగతి తెలియదు కదా.

ఇంతలో వార్డులో ఒక నర్సు కాన్పుకి వెళ్ళింది. ఆమె డ్యూటీ కూడా నామీద పడింది. అక్క లేవకముందే నేను బయల్దేరాలి. మేజోడు తొడిగే పనీ విప్పే పనీ బావగారికి అప్పగించాను. ఎలా మడవాలో, ఎలా లాగాలో, ఎక్కడా ముడత పడకూడదని, పైన అంచు చుట్టుకోకూడదని మరీ మరీ చెప్పాను. ఆయన పాఠం వింటున్నట్టు తలూపారు.

మొదటి రెండు రోజులూ వచ్చేసరికి ఇద్దరి మొహాలూ వేలాడుతున్నాయి. తర్వాత ఒకరోజు నేను గుమ్మంలో అడుగుపెట్టగానే బావగారు మిషను ఆపి, "ఇప్పుడు ఇట్టే ఎక్కేస్తోందమ్మాయ్" అన్నారు.

"నొప్పి లేదా అక్కా?"

"ఏం లేదు. మీ బావగారి చెయ్యి మంచిది" అంది, బట్ట కాళ్ళ మీదికి సర్దుకుంటూ.

"చూపించు."

"ఇప్పుడే వచ్చావు, కాళ్ళు కడుక్కుని అన్నం తిను. నా కాలెక్కడికీ పోదు."

అలవాటయ్యేకొద్దీ సులువవుతుందని మా రోగులకి మేమే చెప్తాం. అక్క మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త కళొచ్చింది. బావగారు కూనిరాగం తీస్తున్నారు. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

నాకు సెలవు దొరికిన రోజు మిట్టమధ్యాహ్నం. బయట ఎండ కాల్చేస్తోంది. ముందుగదిలో ఫ్యాను కింద బావగారు లాగులు కుడుతున్నారు. అక్క కాలు పీట మీద పెట్టుకుని చొక్కాలు మడతపెడుతోంది. నేను గుండీల డబ్బా వెతుకుతూ నేలమీద కూచున్నాను. అక్క పాదం నా కళ్ళకి తిన్నగా ఉంది.

పాదం రంగు బాగాలేదు. వేళ్ళు ఉబ్బి, గోళ్ళ చుట్టూ నీలంగా ఉంది.

నేను అడగలేదు. బట్ట పైకెత్తాను. పిక్క మీద మేజోడు వదులుగా, సంచిలా వేలాడుతోంది. వెనకవైపు నిలువునా కత్తిరించి, మధ్యలో మెత్తటి గుడ్డ పట్టీ వేసి కుట్టారు. కుట్టు ఎంత సన్నగా ఉందంటే చేత్తో తడిమితే కూడా తగలదు. అలా వదులు చేసినది నిలవదు, జారిపోతుంది. జారకుండా పైన మోకాలి కింద ఎలాస్టిక్ వేశారు. ఆ ఎలాస్టిక్ చర్మంలోకి దిగిపోయి ఉంది. దాని పైన కాలు ఒక రంగు, దాని కింద ఇంకో రంగు.

మిషను ఆగింది.

దర్జీ అయినవాడు చేసే పనే అది. వదులైన లాగు జారకుండా నడుముకి ఎలాస్టిక్ వెయ్యడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత సులువు. ఆడిన కాలూ పాడిన నోరూ ఊరుకోవన్నట్టు, కుట్టిన చెయ్యీ ఊరుకోలేదు. కానీ ఎక్కడ బిగువుండాలో అక్కడ వదిలేసి, ఎక్కడ ఉండకూడదో అక్కడ బిగించారు. కింద నిలిచిన రక్తానికి పైకొచ్చే దారి లేకుండా ముడేసినట్టయింది.

"ఆయన్నేమీ అనకు" అంది అక్క గబగబా. "నేనే ఏడ్చి గోలపెట్టా. పడలేక నేనే అడిగా."

"ఆవిడ అడగలేదమ్మాయ్" అన్నారు బావగారు.

కత్తెర కోసం చెయ్యి చాచాను. ఆయన కత్తెర నా చేతిలో పెట్టారు. ఎలాస్టిక్ కిందికి వేలు దూర్చి కత్తిరించాను. చర్మం మీద గాడి అలాగే ఉండిపోయింది. మేజోడు మెల్లగా కిందికి లాగి తీసేసి, "ఆటో పిలవండి బావగారూ, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం" అన్నాను. అక్కని లేవొద్దన్నాను. కదలొద్దన్నాను.

ఆటో వచ్చేలోపే అక్క చొక్కా మడతపెడుతున్న చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది.

"ఇక్కడ గుచ్చుతోందే."

"ఎక్కడ?"

"ఊపిరి తీసుకుంటుంటే. పక్కన." ఇంకో మాట చెప్పబోయి మధ్యలో ఊపిరి కోసం ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది. నాడి పట్టుకుంటే వేళ్ళ కింద పరిగెడుతోంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానో అది ముందుగదిలోకి వచ్చి కూచుంది. అయినా గొంతు మాత్రం వార్డులో మాట్లాడే గొంతే వచ్చింది. "ఏం కాదక్కా. మెల్లగా తీసుకో. నా వంక చూడు." ఆమె నా వంక చూసింది. ఆ కళ్ళలో నాకంటే ఎక్కువ భయం కనపడింది. మొదటిసారి నాకు తోడు దొరికిందని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోయాయని స్కానింగులో తేలింది. అక్కని గుండె వార్డులో ఉంచారు. ముక్కుకి ఆక్సిజన్, చేతికి మందు గొట్టం. అది నా వార్డయితే చెయ్యడానికి ఏదో ఒక పని ఉండేది. అక్కడ నేను కూడా వరండాలో బల్ల మీద కూచునే మనిషినే. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నర్సు మొహం చూసేదాన్ని. నర్సులు మొహంలో ఏదీ కనపడనివ్వరు. ఆ విద్య నాకూ వచ్చు గనక ఇంకా భయమేసేది.

డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. మేజోడు కూడా చూపించాను. ఆయన దాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. "ఆ పట్టీ వల్ల రక్తం నిలిచి ఉండొచ్చు. లేదా మొదటి గడ్డే విరిగి ఉండొచ్చు. మాత్రలు వేసుకుంటున్నా కొందరికి అవుతుంది. ఏదని ఎవరూ చెప్పలేరు" అన్నాడు.

బావగారు ఆ వరండాలోంచి కదల్లేదు. మా ఆయన బలవంతంగా తినిపిస్తే రెండు ముద్దలు మింగేవారు. దుకాణం మూసేశారు. మిగిలిన యూనిఫాంలు వీధి చివరి దర్జీకి ఇచ్చేశారు. మూడోనాడు కాబోలు, నా పక్కన కూచుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గోడ వైపు చూస్తూ అడిగారు.

"అమ్మాయ్, నేను కుట్టిన దానివల్లేనా?"

మా వార్డులో ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. నా వల్లేనా, మేం ఆలస్యం చేశామా, కాలు పిసికినందుకేనా అని. డాక్టరుగారిని అడగండి అనేసి మేం తప్పుకుంటాం. ఆ రోజు తప్పుకునే దారి లేదు. కాదనకపోతే ఆ చేతులు మళ్ళీ సూదిలో దారం ఎక్కించవనిపించింది.

"కాదు బావగారూ" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగానే. ముందున్న గడ్డే విరిగింది."

"నువ్వు చదువుకున్నదానివి" అన్నారు. "నువ్వు కాదన్నావంటే కాదు." తలూపారు. తలూపుతూనే ఉన్నారు. నేను లేచి కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను.

అక్క బతికింది. ఒకనాటి పొద్దున ఆక్సిజన్ తీసేశారు. నన్ను చూడగానే, "వాళ్ళు పెట్టే చప్పిడి కూడు తిన్లేను, ఏదైనా కారంగా తెచ్చావా?" అంది. వార్డు బయటికొచ్చి, ఎవరూ లేని చోటు చూసుకుని, ఏడ్చాను. ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా ఒకేసారి వచ్చింది.

ఇంటికొచ్చాక ఇల్లు మునుపటిలా లేదు. బావగారు మిషను ముందు కూచుంటారు గానీ తొక్కేది తక్కువ. కొత్త మేజోడు నేనే తొడిగేదాన్ని. డ్యూటీ వేళలు మార్పించుకున్నాను. అక్క మూలిగితే ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం ఏదో ఒక వంక పెట్టుకుని గుమ్మం దాకా వచ్చేవారు. "అమ్మాయ్, ఆ రోజు నువ్వన్నది..." అని ఆగిపోయేవారు.

"కాదన్నాను కదా బావగారూ."

"అదే, అదే" అని లోపలికి పోయేవారు. మర్నాడు మళ్ళీ వచ్చేవారు.

మొదటి వానలు పడ్డాక ఒక సాయంత్రం అక్కని నడిపించడానికి వీధిలోకి తీసుకెళ్ళాను. రోజూ కాస్త నడవాలని డాక్టరు చెప్పాడు. తడి రోడ్డు మీద మెల్లగా అడుగులేస్తోంది. మలుపు తిరిగి ఇల్లు కనపడకుండా పోయాక అడిగింది.

"ఆయన రోజూ నిన్ను గుమ్మంలో ఏం అడుగుతున్నారే?"

చెప్పాను.

"నువ్వేం చెప్తున్నావు?"

"కాదని."

అక్క ఒక ఇంటి అరుగు పట్టుకుని నిలబడింది. "మరి నిజమేంటి?"

ఆవిడకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెలీదక్కా. డాక్టరుకీ తెలీదు. అవునని గానీ కాదని గానీ ఎవరూ చెప్పలేరట."

"నాకొచ్చిందాని గురించి ఎవరికీ తెలీదా?"

"తెలీదు."

"మళ్ళీ వస్తుందా?"

ఆమె నా మొహంలోకి చూసింది. మొహంలో ఏదీ కనపడనివ్వని ఆ నర్సు విద్య ఆ క్షణాన నన్ను వదిలేసినట్టుంది. చూసినదేదో ఆమెకి అర్థమైంది. నా జబ్బ పట్టుకుంది.

"సరేలే. ఆయన అడిగినప్పుడల్లా కాదనే చెప్పు. నేనడిగితే రాదని చెప్పు. చెప్పడానికి నీకేం పోయింది?" అంది. "పద, చీకటి పడకముందు ఆ చివరిదాకా పోయొద్దాం."

నడిచాం. వీధి చివరి దర్జీ కుట్టిన కాజాలు ఎంత దరిద్రంగా ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో నవ్వింది కూడా. నేను ఊఁ కొడుతూ నడిచాను గానీ ఒక్క మాటా నా చెవికెక్కలేదు. మాటకీ మాటకీ మధ్య ఆమె తీసే ఊపిరినే వింటున్నాను. ఇప్పటికీ ఆవిడ పక్కన నడిస్తే అదే వింటాను.